బిల్లసర్గం గుహల అన్వేషకుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్

శ్రీశైల క్షేత్రం వెలసిన నల్లమల కొండలకు పడమరగా, బేతంచెర్ల సమీపాన బిల్లసర్గం సున్నపురాతి గుహలున్నాయి. వీటి మట్టిపొరలలో నిద్రించిన ప్రాచీన జంతుచరిత్రను వెలుగులోకి తెచ్చిన మహనీయుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులో జన్మించారు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖలో చేరారు. 1863 మే 30న మద్రాసు చెంత పల్లావరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి, ఈ దేశపు మానవచరిత్రను వేల ఏండ్లు వెనుకకు జరిపారు.

బిల్లసర్గం ఎముకలను 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి లోకానికి తెలిపినా, నలుబది ఏండ్లు వాటిని పట్టించుకున్నవారు లేరు. 1883లో ఫుట్ ఆ గుహలను వెదకి పట్టుకొని తవ్వకం ఆరంభించారు. కుమారుడు హెన్రీ ఆ పనిని కొనసాగించాడు. దొరికిన ఎముకలను పొరలవారీగా వేరుచేసి భద్రపరచారు.

వాటిని పరిశీలించిన రిచర్డ్ లైడెక్కర్ 1886లో ఫలితాలు ప్రకటించాడు. అంతరించిన ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు! కొన్ని ఎముకలు ఆఫ్రికా జంతువులను పోలియున్నవని గుర్తించడంతో, పూర్వం జంతువులు ఖండాంతరాలకు ఎట్లు వ్యాపించాయన్న ప్రశ్న ఉదయించింది. ఆ గుర్తింపులలో కొన్నింటిని తరువాతి శాస్త్రజ్ఞులు పునఃపరిశీలించారు.

ఫుట్ సేకరించిన ప్రాచీన వస్తుసముదాయం 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. 1912 డిసెంబరు 29న ఆయన కీర్తిశేషులయ్యారు.

పొర చెదరిన ఎముక తన కాలాన్ని చెప్పలేదు. నాపరాళ్ళకై నేల తవ్వే ఈ సీమలో, విద్యార్థులారా, ఆ గుహల మట్టిని కాపాడుకొనడమే ఫుట్‌కు మనమర్పించగల నివాళి.