ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం.. ఎక్కింది ఏడో నిజాం! చౌమహల్లా పసుపు రోల్స్ రాయిస్ వెనుక అసలు కథ ఇదీ..

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఆగి ఫోన్ బయటికి తీసే చోటు ఒకటుంది. అక్కడ పసుపు రంగు పాత రోల్స్ రాయిస్ కారు ఒకటి కనిపిస్తుంది. దాని వెనక సీటు మామూలు కారు సీటులా ఉండదు. సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. 1911లో ఈ కారుకు ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. కానీ ఆయన ఇందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. బండి ఇంగ్లండ్ నుంచి రాకముందే కన్నుమూశారు.

మూడేళ్లు నిండకుండానే గద్దె

మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866 ఆగస్టులో. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో చనిపోయారు. అప్పటికి ఈ పిల్లాడికి మూడేళ్లు కూడా నిండలేదు. పేరుకు రాజు ఆయనే అయినా పాలన నడిపింది దివాన్ మొదటి సాలార్‌జంగ్, మరికొందరు పెద్దలు. 1884 ఫిబ్రవరిలో వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి నిజాం వయసు 17 ఏళ్లు.

జనానికి ఆయన మహబూబ్ అలీ పాషా. పులుల వేటలో పేరున్న షికారీ. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు, విషం దిగిపోతుందని అప్పట్లో జనం గట్టిగా నమ్మేవాళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఇళ్లు పోయినవాళ్ల కోసం నిజాం తన ప్యాలెస్ తలుపులు తెరిపించారు. పాషా అంటే జనానికి ఉన్న అభిమానం ఆ తర్వాత ఇంకా పెరిగింది.

వజ్రం కొని కోర్టు దాకా..

ఖరీదైనది ఏది కనిపించినా కొనడం ఆయనకు అలవాటు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసమే ఓ పొడవాటి హాలు నిండా బీరువాలు కట్టించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఈ అలవాటే ఒకసారి పెద్ద చిక్కు తెచ్చింది.

1891లో అలెగ్జాండర్ మాల్కమ్ జేకబ్ అనే వ్యాపారి 180 క్యారెట్లు దాటిన వజ్రం ఒకటి తెచ్చాడు. 46 లక్షల రూపాయలకు బేరం కుదిరింది. సగం, అంటే 23 లక్షలు ముందే ఇచ్చారు. సంస్థానం అప్పుల్లో ఉండగా ఇంత డబ్బు రాయి మీద పెట్టడమేంటని బ్రిటిష్ రెసిడెంట్ అడ్డు చెప్పారు. నిజాం వెనక్కి తగ్గి అడ్వాన్స్ తిరిగి అడిగారు. జేకబ్ ఇవ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. చివరికి వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. తండ్రి చెప్పు మొనలో దొరికిన ఆ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుగా వాడారని చెబుతారు. 1995లో నిజాం నగలతో పాటు ఆ జేకబ్ వజ్రాన్ని కూడా భారత ప్రభుత్వం కొన్నది. మొత్తానికి కట్టిన ధర 218 కోట్ల రూపాయలు.

రాజుల మనసు దోచిన బండి

వజ్రాల తర్వాత కార్ల కాలం వచ్చింది. నిజాం ఎంచుకున్న రోల్స్ రాయిస్ మోడల్ పేరు సిల్వర్ ఘోస్ట్. ఆరు సిలిండర్ల పెద్ద ఇంజిన్. 1907లో ఈ కారును పరీక్షకు పెడితే 14 వేల మైళ్లకు పైగా మొరాయించకుండా నడిచింది. మరుసటి ఏడాది మన దేశానికి వచ్చి బొంబాయి-కొల్హాపూర్ పోటీలో గెలిచింది. ఆ గెలిచిన బండిని గ్వాలియర్ మహారాజు కొనేశారు. ఇక మిగతా సంస్థానాల చూపు కూడా దాని మీదే పడింది.

ఇక్కడో విషయం తెలుసుకోవాలి. అప్పట్లో రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు అమ్మేది కాదు. ఇంజిన్, చాసిస్, చక్రాలు మాత్రమే ఇచ్చేది. పైన బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. నిజాం బండికి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. రాజుల గుర్రపు బగ్గీలు కట్టడంలో పేరున్న సంస్థ అది.

నిజాం ఆర్డర్ ఇచ్చిన 1911లోనే ఇంగ్లండ్‌లో ఓ సిల్వర్ ఘోస్ట్‌ను స్పోర్ట్స్ కారులా తేలికపాటి బాడీతో తయారుచేశారు. లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేర్‌లోనే నడిపారు. బ్రూక్లాండ్స్ ట్రాక్ మీద అది గంటకు 78 మైళ్లు, అంటే 125 కిలోమీటర్ల వేగం అందుకుంది. వాళ్లకు అదే మోడల్ వేగం కోసం కావాలి. హైదరాబాద్‌కు మాత్రం అది ఏనుగు అంబారీ బదులు కావాలి. రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డ జనానికి రాజు కనబడాలి, అంతే.

కారు కన్నా ముందే కబురు

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయారు. వయసు 45 ఏళ్లే. మక్కా మసీదులో సమాధి చేశారు. అప్పటికి కారు ఇంకా ఇంగ్లండ్‌లోనే ఉంది. గద్దెతో పాటు ఆ బండి కూడా కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1937లో అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా కవర్ మీద వేసింది ఈయన బొమ్మనే. కానీ సొంత ఖర్చులో మహా పిసినారి అని పేరు. థ్రోన్ కార్ వేడుకలప్పుడే బయటికి వచ్చేది. అందుకే దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే.

అంతర్వేది రథానికీ దీనికీ తేడా ఏంటి?

కోనసీమ వాళ్లకు ఇది వింతేం కాదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కూడా ఏడాదికోసారి, భీష్మ ఏకాదశి నాడే కదులుతుంది. తిరిగిన దూరాన్ని బట్టి రథానికి ఎవరూ విలువ కట్టరు.

కానీ ఒక తేడా ఉంది. 2020 సెప్టెంబర్‌లో అంతర్వేది పాత రథం కాలిపోయింది. ఆ రోజు భక్తుల బాధ అంతా ఇంతా కాదు. కొన్ని నెలల్లోనే కొత్త రథం సిద్ధమైంది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి రోజున అది ప్రారంభమైంది. చెక్క కొత్తదే, స్వామి మాత్రం పాత స్వామే. కాబట్టి భక్తికి లోటు రాలేదు. పాత కారు విషయంలో అలా కుదరదు. ఇంజిన్ మారినా, బాడీ మారినా విలువ పడిపోతుంది. అందుకే కొనేవాళ్లు ముందు చాసిస్ నంబర్ చూస్తారు. అది కంపెనీ పాత రికార్డుల్లో ఉందా, మొదట ఎవరి పేరున వెళ్లింది, బాడీ ఎవరు కట్టారు, తర్వాత ఎన్ని చేతులు మారింది అన్నీ ఆరా తీస్తారు. ఆ వరసలో ఒక్క పేరు తెగినా ధర తగ్గుతుంది.

సంస్థానాల కార్లలో చాలావాటికి ఆ వరస తెగిపోయింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. పెట్రోల్ ఖర్చు, డ్రైవర్ల జీతాలు భరించలేక ఎందరో బళ్లను వచ్చిన ధరకు వదిలించుకున్నారు. కొన్ని విదేశాలకు వెళ్లాయి, కొన్ని పాత ఇనుముగా పోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం పాత కార్ల ఎగుమతిపై నిషేధం పెట్టింది.

పసుపు కారుకు ఆ గతి పట్టలేదు. బాగుచేయించాక అది చౌమహల్లాలో నిలబడింది. 2005లో జనం చూడటానికి తెరిచిన ఈ ప్యాలెస్‌లో, టికెట్ కొన్నవాళ్లు ఎవరైనా దాని ముందు నిలబడవచ్చు. ఆర్డర్ ఎవరు ఇచ్చారు, ఎవరు కట్టారు, ఎవరి చేతికి వచ్చింది.. పేర్లన్నీ వరసగా దొరుకుతాయి. ఆ వరసలో మొదటి పేరు మహబూబ్ అలీ ఖాన్‌ది. కోరినదల్లా కొనగలిగిన ఆ రాజు, ఆ సీటు ఎంత ఎత్తులో ఉందో చూడకుండానే వెళ్లిపోయారు.