ఎడమ బొటనవేలి కింద ఉన్న మనిషి

పోకిరి 4కె రీ-రిలీజ్ అయిన 2022 నుంచి థియేటర్లలో పాత సినిమాల జాతర మనకి అలవాటైపోయింది. వీడియో గేముల్లోనూ ఇదే వ్యాపారం నడుస్తోంది. 1980ల్లో జనం కాయిన్ వేసి నిలబడి ఆడిన ఆర్కేడ్ ఆటల్ని ఇప్పుడు స్విచ్, ప్లేస్టేషన్ లాంటి కన్సోళ్ల మీదకి తెచ్చి మళ్లీ అమ్ముతున్నారు. ఆర్కేడ్ ఆర్కైవ్స్ అనే సిరీస్‌లో స్విచ్ కోసం 2017లో మారియో బ్రదర్స్, 2018లో డాంకీ కాంగ్ వచ్చాయి. ఒక్కటే తేడా. పాత సినిమా అయినా టైటిల్స్ పడతాయి, దర్శకుడి పేరు రాగానే ఈలలేస్తాం. డాంకీ కాంగ్‌కి టైటిల్స్ లేవు. కంపెనీ పేరు తప్ప మనిషి పేరు కనబడదు.

అలా కనబడని వాళ్లలో గున్‌పే యొకోయి ఒకరు. మారియో అనగానే మియమోటో పేరు చెప్పేవాళ్లు మన హాస్టల్లోనే చాలామంది ఉన్నారు. ఆయన పైన కూర్చున్న ఈ పెద్దాయన గురించి అడిగితే మాత్రం తెల్లమొహాలే.

యొకోయి 1941లో క్యోటోలో పుట్టారు. దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరారు. అప్పటికి అది వీడియో గేముల కంపెనీ కాదు. 1889 నుంచీ హనఫుదా అనే జపాన్ పేకముక్కలు చేసే కంపెనీ. (సంక్రాంతికి మన భీమవరం వైపు పేకాట ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ వ్యాపారంలో డబ్బెంతో చెప్పక్కర్లేదు.) ముక్కలు తయారుచేసే యంత్రాల మెయింటెనెన్స్ ఆయన ఉద్యోగం. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుకి అక్కడ పెద్దగా పనేముంటుంది? ఖాళీ టైంలో ఓ బొమ్మ చేసుకున్నారు. షాపుల ముందుండే కొలాప్సిబుల్ గేటు చూశారుగా, దాని పట్టీలు కొన్ని తీసి అడ్డంగా పట్టుకున్నట్టు ఊహించుకోండి. ఇటు పిడులు నొక్కితే అటు చెయ్యి సాగి వస్తువుని పట్టుకుంటుంది.

అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంట్లో పడింది. ఇంకో బాస్ అయితే చీవాట్లు పెట్టేవాడు. యమౌచి దాన్ని సరుకుగా చేయమన్నారు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చి పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. మెయింటెనెన్స్ మనిషి బొమ్మల డిజైనరయ్యారు.

అన్నీ హిట్లే కాదు. 1973లో మూతబడ్డ బౌలింగ్ హాళ్లలో కాంతి తుపాకులతో షూటింగ్ రేంజులు పెట్టారు. అదే ఏడు చమురు సంక్షోభం వచ్చి ఆర్డర్లన్నీ రద్దయ్యాయి, కంపెనీ అప్పుల్లో పడింది.

తర్వాతి మలుపు గురించి తరచూ చెప్పే కథ ఒకటుంది. బుల్లెట్ ట్రైన్‌లో ఓ ఉద్యోగి ఊసుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం యొకోయి చూశారట. అప్పటికి కాలిక్యులేటర్ కంపెనీల పోటీలో ఎల్‌సీడీ తెరలు చవకైపోయాయి. ఆ చవక తెరతోనే 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది: జేబులో పట్టే ఆట, పక్కన గడియారం. ఆ సిరీస్ మొత్తం మీద 4 కోట్లకి పైగా అమ్ముడైంది. ఆయన పద్ధతంతా ఇదే. అందరికీ తెలిసిపోయి, ధర పడిపోయి, గొప్పతనం తగ్గిన టెక్నాలజీని తీసుకుని దాన్ని ఎవరూ వాడని చోట వాడటం. పంపుసెట్టు ఇంజను బిగించిన పడవ గోదావరి మీద చూసినవాళ్లకి ఇదేం కొత్త సూత్రం కాదు.

1981లో నింటెండోకి అమెరికాలో ఓ తలనొప్పి వచ్చింది. రాడార్ స్కోప్ అనే ఆర్కేడ్ ఆట ఆడేవాళ్లు లేక సుమారు 2000 పెట్టెలు మిగిలిపోయాయి. వాటిలో పెట్టడానికి కొత్త ఆట చేయమని కుర్ర మియమోటోకి అప్పగించి, పైన యొకోయిని పెట్టారు. అదే డాంకీ కాంగ్. ప్రోగ్రామ్ రాసింది మాత్రం ఇకెగామి త్సుషింకి అనే ఇంకో కంపెనీ. ఆ కోడ్ ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కి 1990లో రాజీ అయింది. ఇళ్లకొచ్చిన ఫామికాం వెర్షన్‌లో సిమెంటు తట్టలు కన్వేయర్ మీద తిరిగే స్టేజీ లేదు. నాలుగులో ఒకటి కోసేశారు! 2018 రీ-రిలీజ్‌కి జనం అంత సంబరపడ్డది అందుకే.

మారియో బ్రదర్స్ 1983లో ఇద్దరూ కలిసి చేశారు. డాంకీ కాంగ్‌లో కాస్త ఎత్తు నుంచి పడితే మారియో చచ్చిపోయేవాడు. ఎంత ఎత్తు నుంచి దూకినా ఏమీ కాకపోతే ఏం అని అడిగింది యొకోయి. తర్వాత వచ్చిన మారియోలన్నీ ఆ దూకుడు మీదే నడిచాయి.

ఇక బొటనవేలి సంగతి. 1982లో డాంకీ కాంగ్‌ని మడతపెట్టే గేమ్ అండ్ వాచ్‌గా చేయాల్సొచ్చింది. కర్రలాంటి జాయ్‌స్టిక్ పెడితే మూత పడదు. అందుకని ప్లస్ ఆకారంలో పల్చటి మీట పెట్టారు. అక్కణ్ణుంచి ఫామికాంకి, దాన్ని కాపీ కొట్టిన పెట్టెలకీ పాకింది. మన ఊళ్లలో టీవీకి తగిలించి, 9999 ఆటలున్నాయని చెప్పిన క్యాసెట్ పెట్టి ఆడిన వీడియో గేమ్ అదే. మా అన్నయ్యల తరం మొత్తం ఆయన మీట నొక్కే పెరిగింది.

1989లో గేమ్ బాయ్. పోటీ కంపెనీలు రంగుల తెరలతో దిగితే ఈయనది పచ్చగా పాలిపోయిన తెర. కానీ వాళ్లకి 6 బ్యాటరీలు కావాలి, అవీ గంటల్లో అయిపోయేవి. దీనికి 4 చాలు, చాలాసేపు వచ్చేవి. కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్లకి పైగా అమ్మారు.

1995లో వర్చువల్ బాయ్ వచ్చింది. కళ్లకి ఆనించుకుని చూసే ఎర్ర బొమ్మలు. ఘోరంగా పోయింది. మరుసటేడు ఆగస్టులో ఆయన నింటెండో వదిలేశారు. ఫ్లాపు వల్లే సాగనంపారని చాలామంది రాస్తారు. నాకు నమ్మబుద్ధి కాదు. వెళ్లే ముందు నెలే గేమ్ బాయ్ పాకెట్ బయటికొచ్చింది. అవమానపడి వెళ్లే మనిషి అంత బాగా పని ముగిస్తారా?

బయటికొచ్చి కోటో అనే సొంత సంస్థ పెట్టారు. 1997లో నింటెండో ఆయన పాత ఆటల్ని పోగేసి గేమ్ అండ్ వాచ్ గ్యాలరీ పేరుతో గేమ్ బాయ్ మీద విడుదల చేసింది. ఆటలూ ఆయనవే, ఆడే యంత్రమూ ఆయనదే, ఆయన మాత్రం కంపెనీలో లేరు. అదే ఏడాది అక్టోబర్ 4న హైవే మీద చిన్న ప్రమాదం జరిగితే కారు దిగారు. వెనక నుంచి ఇంకో కారు వచ్చి గుద్దింది. 56 ఏళ్లు.

ఆయన చేయి వేసిన వండర్‌స్వాన్ 1999లో బందాయ్ నుంచి వచ్చింది. నలుపు తెలుపు తెర, ఒకే ఒక్క బ్యాటరీ. దానికోసం చేసిన పజిల్‌కి ఆయన పేరే పెట్టారు.

2016లో వచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ బుల్లి పెట్టెలో 30 ఆటలుంటే డాంకీ కాంగ్, మారియో బ్రదర్స్, కిడ్ ఇకారస్, మెట్రాయిడ్ అన్నిట్లోనూ ఆయన చెయ్యుంది. మెట్రాయిడ్‌కి చివర్లో టైటిల్స్ పడతాయి, నిర్మాతగా ఆయన పేరు వస్తుంది. అయితే ఆట మొత్తం గెలవాలి. నేనింకా బ్రిన్‌స్టార్ దగ్గరే తిరుగుతున్నాను.