వాల్ట్ డిస్నీ: కుందేలు పోయి ఎలుక వచ్చిన కథ



ఈ నెల మనం చెప్పుకునే మనిషి మీకు తెలియకపోయినా, ఆయన ఎలుక మాత్రం మీ ఇంట్లో ఎప్పటినుంచో ఉండి ఉంటుంది. పాప స్కూల్ బ్యాగ్ మీదో, బాబు వాటర్ బాటిల్ మీదో, మైపాడు బీచ్‌లో కొనిచ్చిన బెలూన్ మీదో మిక్కీ మౌస్ కనిపించని ఇల్లు మన నెల్లూరులో తక్కువే.

వేసవి సెలవుల్లో మీలో చాలామంది పిల్లల్ని చెన్నై ఈసీఆర్ రోడ్డు మీదున్న పార్కులకో, హైదరాబాద్‌లో వండర్‌లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో తీసుకెళ్తారు. అమెరికాలో పిల్లలు స్థిరపడిన తాతయ్యలూ అమ్మమ్మలూ డిస్నీ పార్కులు కూడా చూసి వస్తున్నారు. అక్కడికి కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు వెళ్లినవాళ్లు ఒక వింత గమనిస్తారు. పోయినసారి ఎక్కిన రైడ్ అదే చోట ఉంటుంది, కుదుపులు కూడా అవే. పేరు, బొమ్మలు, పాట మాత్రం మారిపోయి ఉంటాయి. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చారు? ఇది తెలియాలంటే 1928 దాకా వెనక్కి వెళ్లాలి.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న చికాగోలో పుట్టాడు. చిన్నతనం కొంతకాలం మిస్సోరీలోని మార్సెలిన్ అనే పల్లెలో, పొలంలో గడిచింది. 1911లో కుటుంబం కాన్సాస్ సిటీకి మారింది. అక్కడ తండ్రి ఇలియాస్ పేపర్లు వేసే లైను కొన్నాడు. తొమ్మిదేళ్ల వాల్ట్, అన్న రాయ్ తెల్లవారుజామున మూడున్నరకి లేచి, మంచులో ఇల్లిల్లూ తిరిగి పేపర్లు వేసేవాళ్లు. ఆ పనికి తండ్రి వాల్ట్‌కి డబ్బు ఇచ్చేవాడు కాదు. పిల్లవాడు క్లాసులో తూగేవాడు, మార్కులూ అంతంతమాత్రమే. ఈ రోజుల్లో అయితే వారానికో రిమార్క్ డైరీలో పడేది, మీకు ఫోన్ వచ్చేది.

పదహారేళ్లకే హైస్కూల్ మానేసి, రెడ్‌క్రాస్‌లో చేరి ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపాడు. తిరిగొచ్చి కాన్సాస్ సిటీలో పెట్టిన కార్టూన్ స్టూడియో 1923లో దివాలా తీసింది. అదే ఏడాది హాలీవుడ్ చేరి, అన్న రాయ్‌తో కలిసి కొత్త స్టూడియో మొదలుపెట్టాడు.

1927లో వాళ్లకి మంచి అవకాశం వచ్చింది. యూనివర్సల్ కంపెనీ కోసం ఆస్వాల్డ్ అనే కుందేలుతో కార్టూన్లు తీయాలి. మధ్యలో చార్లెస్ మింట్జ్ అనే నిర్మాత. కుందేలు జనానికి నచ్చింది. 1928 మొదట్లో వాల్ట్ భార్య లిలియన్‌ని వెంటబెట్టుకుని న్యూయార్క్ వెళ్లాడు, సినిమాకి ఇచ్చే డబ్బు కాస్త పెంచమని అడగడానికి. మింట్జ్ పెంచకపోగా తగ్గిస్తానన్నాడు. అప్పటికే వాల్ట్ దగ్గర పనిచేసే ఆర్టిస్టుల్లో ఎక్కువమందిని లోపాయకారీగా తనవైపు తిప్పుకున్నాడు కూడా. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఒప్పంద పత్రంలో ఉంది. కుందేలు యూనివర్సల్ సొంతం. కష్టం వాల్ట్‌ది, హక్కు ఇంకొకరిది.

ఆయనకి అప్పుడు 26 ఏళ్లు. కుందేలుని వదిలేసి రైలెక్కాడు. ఆ రైల్లోనే మిక్కీ పుట్టిందని ఒక కథ చెబుతుంటారు. అదెలా ఉన్నా, ఎలుకకి రూపం గీసింది మాత్రం వాల్ట్‌ని వదలకుండా ఉండిపోయిన పాత స్నేహితుడు అబ్ ఐవర్క్స్. 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లో స్టీమ్‌బోట్ విల్లీ విడుదలైంది. ఎలుక ఈసారి ఎవరి సొంతం అన్నదాంట్లో సందేహం లేదు. వాల్ట్ ఆ తర్వాత తన పాత్రల హక్కు ఎవరికీ రాసివ్వలేదు. 1933కల్లా మిక్కీ బొమ్మ ఉన్న చేతి గడియారాలు అమ్మకానికి వచ్చాయి.

1937లో స్నో వైట్ ఆయన్ని ప్రపంచానికంతా పరిచయం చేసింది. ఆ విజయం గురించి మీకు ఎవరైనా చెబుతారు. 1941 గురించి తక్కువమంది చెబుతారు. ఆ ఏడాది స్టూడియో ఆర్టిస్టులు సమ్మెకి దిగారు. జీతాల్లో తేడాలు, తెర మీద తమ పేర్లు పడకపోవడం, యూనియన్‌ని గుర్తించకపోవడం వాళ్ల బాధ. తెర మీద పెద్దగా పడే పేరు ఒక్కటే, వాల్ట్ డిస్నీ. తన చేతి పని పరాయివాళ్ల పాలైతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి, తన దగ్గర గీసేవాళ్ల విషయంలో అది గుర్తుపెట్టుకోలేదు. సమ్మె చేసినవాళ్లమీద ఆయన కోపం చివరిదాకా పోలేదు. పిల్లలకి ఆయన కథ చెప్పేటప్పుడు ఈ భాగం దాటేయకండి.

తర్వాత పార్కు. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో 160 ఎకరాల బత్తాయి లాంటి నారింజ తోటలు కొని, దాదాపు కోటీ 70 లక్షల డాలర్లతో డిస్నీలాండ్ కట్టాడు. డబ్బు కోసం ఏబీసీ అనే టీవీ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్లు పెట్టుబడి పెట్టాలి, ఆయన వాళ్లకి వారం వారం కార్యక్రమం చేయాలి. ఆ కార్యక్రమం పేరు కూడా డిస్నీలాండే! పార్కు తెరవకముందే దేశమంతా ప్రచారం జరిగిపోయింది. 1955 జూలై 17న తెరిచిన రోజు దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు, ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి, తాగునీటి కుళాయిలు చాలలేదు. మధ్యలో నిలబడ్డ కోట స్లీపింగ్ బ్యూటీది. ఆ సినిమా వచ్చింది 1959లో. అంటే సినిమాకంటే నాలుగేళ్ల ముందే కోట నిలబడి దాని పేరు చెబుతోంది. సినిమా పార్కుని, పార్కు టీవీని, టీవీ బొమ్మల అమ్మకాన్ని ఎలా మోస్తాయో బాణం గుర్తులతో చూపించే పటం ఒకటి 1957లో ఆ కంపెనీలోనే గీశారు.

ఆయన తన పేరు మీది హక్కుని కూడా కంపెనీకి ఊరికే ఇవ్వలేదు. ఆ పేరు వాడుకున్నందుకు కుటుంబ సంస్థకి డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ సంస్థ పేరు రెట్లా. వాల్టర్ అనే పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని వెనక నుంచి చదివితే వచ్చే పేరు అది.

ఇక రైడ్ల సంగతి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1989 నుంచి గ్రేట్ మూవీ రైడ్ ఉండేది. అందులో వేరే స్టూడియోల సినిమాల దృశ్యాలు చాలా ఉండేవి. 2017లో మూసేశారు. 2020లో అదే భవనంలో మిక్కీ, మిన్నీల రైలు వచ్చింది. కాలిఫోర్నియాలో లిఫ్ట్ ధడాలున కిందపడే టవర్ ఒకటి ఉంది. మొదట దాని కథ ట్విలైట్ జోన్ అనే సీరియల్‌ది, ఆ సీరియల్ వేరే సంస్థది. 2009లో డిస్నీ మార్వెల్‌ని కొనేసింది. 2017లో ఆ టవర్‌లోకి మార్వెల్ హీరోలు దిగారు. జనవరిలో మూసి మే నెలకల్లా తెరిచారు, ఎందుకంటే టవర్, లిఫ్ట్, మోటార్లు అవే. పై వేషం మారిందంతే.

అద్దె ఇంటికి సొంత డబ్బుతో మార్బుల్ వేయించుకోవడానికి మీరు ఎంత ఆలోచిస్తారు? ఇదీ అంతే. పరాయి బ్రాండ్‌కి రాయల్టీ కట్టాలి, ఒప్పందం ముగిస్తే మళ్లీ బేరం. సొంత బ్రాండ్ అయితే రైడ్ దిగగానే ఎదురయ్యే షాపులో టీషర్ట్ మీద లాభమూ తమదే. పిల్లలకి కథ ముందే తెలుసు కాబట్టి కొత్తగా పరిచయం చేసే ఖర్చూ లేదు. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్ దగ్గర జనం ఎందుకు ఆగి ఫొటోలు దిగుతారో గుర్తు తెచ్చుకోండి. అన్ని మార్పులూ డబ్బు కోసమే కాదు. స్ప్లాష్ మౌంటెన్ వెనక ఉన్న 1946 నాటి సినిమా నల్లజాతివాళ్లని చూపించిన తీరు మీద విమర్శలు వచ్చాయి. 2024లో అది నల్లజాతి యువరాణి టియానా రైడ్ అయింది. అది మంచి మార్పే.

అయితే వాల్ట్ చివరి ఏళ్లలో చేయించిన కొన్ని రైడ్లకి వెనక ఏ సినిమా లేదు. 1963లో పాటలు పాడే యంత్రపు పక్షుల గది, 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసిన దేశదేశాల పిల్లల బొమ్మల పడవ ప్రయాణం, ఆ తర్వాత సముద్రపు దొంగల రైడ్. 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన చనిపోయాడు. దొంగల రైడ్ మూడు నెలలకి తెరుచుకుంది. 2003లో దాన్నుంచే సినిమా పుట్టింది, 2006లో ఆ సినిమా హీరో జాక్ స్పారో బొమ్మని తెచ్చి రైడ్‌లో పెట్టారు. నాకు జాక్ స్పారో లేని రైడే నచ్చేదేమో అనిపిస్తుంది. పేరు తెలియని దొంగకి పిల్లలు తామే పేరు పెట్టుకుంటారు.

కుందేలు ఏమైందని అడుగుతారేమో. 2006లోనే, అల్ మైఖేల్స్ అనే క్రీడా వ్యాఖ్యాతని తమ ఛానల్ నుంచి ఎన్‌బీసీ యూనివర్సల్‌కి వెళ్లనిచ్చినందుకు బదులుగా ఆస్వాల్డ్ హక్కులు డిస్నీ కంపెనీ తిరిగి తీసుకుంది. కుందేలు ఇల్లు చేరడానికి 78 ఏళ్లు పట్టింది.