వాయిదాల సుల్తాన్

ఒమన్‌లో నాలుగు రోజులున్న తెలుగువాళ్ళెవరికైనా సుల్తాన్ ఖాబూస్ పేరు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మసీదు, యూనివర్సిటీ, హైవే, ఏది చూసినా ఆ పేరే. ఆయనకు ముందు 38 ఏళ్ళు ఈ దేశాన్నేలిన తండ్రి సయీద్ బిన్ తైమూర్ ఊసు మాత్రం పెద్దగా వినపడదు. ఎవరైనా ఎత్తినా, పిసినారి అనేసి ఊరుకుంటారు.

అది సగం నిజమే. జీతం పడకముందే ఖర్చయిపోయే ఈ క్రెడిట్ కార్డుల రోజుల్లో, అన్నిటినీ తర్వాత చూద్దాంలే అంటూ బతికిన ఓ మనిషి కథ తెలుసుకోవాల్సిందే. అందులోనూ గల్ఫ్‌కొచ్చిన మనకి. ఇల్లు, బంగారం, పిల్లల చదువు, ఆఖరికి భార్యాబిడ్డలతో కలిసి ఉండటం కూడా తర్వాతకి నెట్టుకునే కదా ఇక్కడ కాలం గడుపుతున్నాం.

సయీద్ 1910 ఆగస్టు 13న మస్కట్‌లో పుట్టారు. పన్నెండో ఏట ఇండియాకొచ్చి అజ్మీర్ మేయో కాలేజీలో మన రాజావార్ల పిల్లల మధ్య చదువుకున్నారు. ఇంగ్లీషు, ఉర్దూ బాగా వచ్చాయి. తర్వాత కొన్నాళ్ళు బాగ్దాద్‌లో చదువు. తిరిగొచ్చేసరికి ఇంటినిండా అప్పులు. మస్కట్ వర్తకులకు బాకీ, బ్రిటిష్ ప్రభుత్వానికి బాకీ. వాళ్ళలో మన భారతీయ వర్తకులు కూడా ఉన్నారు. రేవులో వచ్చే సుంకం తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం లేదు. తండ్రి తైమూర్ ఈ గొడవ భరించలేక, గద్దె దిగిపోతానని ఎన్నోసార్లు బ్రిటిష్ వాళ్ళని అడిగి, చివరికి దిగిపోయి 1965లో బొంబాయిలో కన్నుమూశారు. 1932 ఫిబ్రవరి 10న సయీద్ సుల్తాన్ అయ్యారు. అప్పటికి వయసు 21.

అప్పుల ఇంట్లో పెరిగిన పిల్లలు రెండు రకాలవుతారు. ఒకళ్ళు తండ్రిలాగే ఖర్చు చేస్తారు, ఇంకొకళ్ళు జన్మలో అప్పు ముట్టుకోరు. సయీద్ రెండో రకం. లెక్కలన్నీ తనే చూసుకున్నారు. చేతిలో ఉన్నదాంట్లోనే ఖర్చు, లేకపోతే పని ఆగిపోవాల్సిందే. అలా పాత బాకీలు తీర్చేశారు. అప్పు ఉన్నవాడు పరాయివాడి మాట వినాల్సి వస్తుంది, అప్పు లేనివాడే రాజు అన్నది ఆయన ధోరణి. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

చమురు విషయంలోనూ అంతే ఓపిక. 1937లో కంపెనీకి హక్కులిచ్చారు. 1956లో ఫహూద్‌లో మొదటి బావి తవ్వితే ఏమీ పడలేదు. 1960కల్లా కంపెనీలో భాగస్వాములు చాలామంది చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. షెల్, పార్టెక్స్ మాత్రం మిగిలాయి. 1962లో యిబాల్‌లో చమురు దొరికింది. 1964లో ఫహూద్‌లోనే, ఆ ఎండిపోయిన బావికి కొన్ని వందల మీటర్ల దూరంలో పడింది. 1967 జూలై 27న మినా అల్ ఫహల్ నుంచి మొదటి ఓడ కదిలింది. హక్కులిచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే సరిగ్గా ముప్పై ఏళ్ళు!

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే, పిల్లలకు పాఠంగా పెట్టుకోదగ్గ జీవితం. అసలు కథ డబ్బు రావడం మొదలయ్యాకే.

1968 జనవరిలో సయీద్ ప్రజలనుద్దేశించి ఒక సుదీర్ఘ ప్రకటన చేశారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఖర్చు పెట్టలేదో, ఎంత అప్పుతో మొదలుపెట్టారో అందులో వివరించారు. ఇక చమురు డబ్బుతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వస్తాయన్నారు. మత్రా ఓడరేవు లాంటి ఒకటి రెండు పనులు ఆయన హయాంలోనే కదిలాయి కూడా. కానీ ఆ కదలడం నత్తనడకే. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, అప్పులు తీరినా ఆయన చెయ్యి తెరుచుకోలేదు.

1970లో ఈ దేశం ఎలా ఉందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. మొత్తం దేశానికి మూడు బడులు. మస్కట్‌లో ఒకటి, మత్రాలో ఒకటి, సలాలాలో ఒకటి. అన్నిట్లో కలిపి తొమ్మిది వందల మంది పిల్లలు, అందరూ మగపిల్లలే. తారు రోడ్డు పది కిలోమీటర్లు. పెద్ద జబ్బు చేస్తే మత్రాలో అమెరికన్ మిషనరీలు నడిపే ఆసుపత్రే దిక్కు. చీకటిపడ్డ మూడు గంటలకు మస్కట్ కోట తలుపులు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో నడవాలంటే చేతిలో లాంతరు ఉండి తీరాలి.

దీనంతటికీ డబ్బు లేకపోవడమే కారణం కాదు. చదువంటేనే ఆయనకు భయం. జనానికి చదువులు చెప్పించబట్టే బ్రిటిష్ వాళ్ళు ఇండియాని పోగొట్టుకున్నారని ఆయన నమ్మేవారట. అజ్మీర్‌లో చదువుకున్నాయన మన దేశం నుంచి నేర్చుకున్నది అదా అనిపిస్తుంది! సలాలా కోటలో ఆఖరిదాకా బానిసలు కూడా ఉండేవారు. కాబట్టి వట్టి పొదుపరి అని సరిపెట్టుకోవడానికీ లేదు.

1958 తర్వాత ఆయన మళ్ళీ మస్కట్ ముఖం చూడలేదు. గ్వాదర్ రేవుని 30 లక్షల పౌండ్లకు పాకిస్తాన్‌కి అమ్మింది ఆ ఏడాదే. సలాలాలో సముద్రం ఒడ్డున కోటలో కూర్చుని, వెయ్యి కిలోమీటర్ల అవతలున్న మస్కట్‌ని రేడియో టెలిఫోన్ మీద నడిపించారు. ఏ అనుమతి కావాలన్నా ఆయన సరే అనాల్సిందే.

జనం ఊరుకుంటారా? గల్ఫ్ దారి పట్టారు. అవును, ఆ రోజుల్లో వలస కూలీలు ఒమనీలే. కువైట్, బహ్రెయిన్, సౌదీలకు వెళ్ళి, మనవాళ్ళు ఇప్పుడు చేస్తున్న కష్టమే చేశారు. అక్కడ బడులు చూశారు, ఆసుపత్రులు చూశారు. తమ ఊళ్ళో ఎందుకు లేవని ఆలోచించారు.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తానని పరీక్షలు చేస్తున్నారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడతారని ఆ పరీక్షకు చాలా పేరొచ్చింది. ఆ మాటలో బలం అనుకున్నంత లేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పైగా, ఇస్తానన్న పెద్దమనిషి మాట మీద నమ్మకం లేకపోతే ఏ పిల్లాడూ ఎక్కువసేపు ఆగడని కూడా తెలిసింది. సయీద్ విషయంలో జరిగింది ఇదే. వాయిదా వేసింది ఆయన, ఆగాల్సింది జనం. ఆయన ఒక్క ఏడాది ఆగుదామనుకుంటే, ఎక్కడో పల్లెలో ఓ పిల్లాడికి బడికెళ్ళే ఈడు ఒక ఏడాది దాటిపోతుంది. ఆ ఏడాది ఏ ఖజానాలోనూ జమ కాదు.

1965లో ధోఫార్‌లో తిరుగుబాటు మొదలైంది. అందులో చేరినవాళ్ళలో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు చాలామంది. 1966 ఏప్రిల్‌లో సొంత ధోఫార్ దళం సైనికులే సుల్తాన్ మీద కాల్పులు జరిపారు. ప్రాణాలతో బయటపడ్డారు గానీ, ఆపైన కోట దాటి బయటికి రావడమే అరుదైపోయింది. అసలు బతికే ఉన్నారా అని జనం అనుమానపడేదాకా వెళ్ళింది.

కన్నకొడుకు విషయంలోనూ వాయిదాయే. ఒక్కగానొక్క కొడుకు ఖాబూస్ ఇంగ్లండ్‌లో శాండ్‌హర్‌స్ట్ సైనిక శిక్షణ పూర్తిచేసి, లోకం చుట్టి వస్తే, పని అప్పగించకుండా సలాలాలోనే ఓ ఇంట్లో కూర్చోబెట్టారు. మతగ్రంథాలు చదువుకోమన్నారు. వచ్చిపోయే వాళ్ళ మీద నిఘా. అలా ఏళ్ళు గడిచాయి.

1970 మేలో దేశానికి సొంత కరెన్సీ వచ్చింది. అప్పటిదాకా చెల్లిన గల్ఫ్ రూపాయల స్థానంలో సయీదీ రియాల్. ఆయన పేరు మీదే నోటు. రెండు నెలలు గడిచాయో లేదో, జూలై 23న బ్రిటిష్ వాళ్ళ అండతో ఖాబూస్ మనుషులు కోటలోకి వచ్చారు. ఆ గలాటాలో సుల్తాన్ తుపాకీ పేలి ఆయన కాలికే గాయమైంది. సంతకం పెట్టి గద్దె దిగారు. బ్రిటిష్ విమానంలో బహ్రెయిన్, అక్కణ్ణుంచి లండన్. మిగిలిన రెండేళ్ళూ అక్కడ హోటల్లోనే గడిపి, 1972 అక్టోబర్ 19న 62వ ఏట కన్నుమూశారు.

ఇక్కడ బడుల సంఖ్య కొద్ది ఏళ్ళకే వందల్లోకి వెళ్ళింది. ఆడపిల్లలూ బడికి వచ్చారు. సయీదీ రియాల్ ఒమానీ రియాల్ అయింది. ఆయన పోయిన ఏడాదికి, 1973 చివర్లో, చమురు ధర ఎగిసింది. కొన్ని నెలల్లోనే బ్యారెల్ మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దాకా పోయింది. మత్రా రేవు 1974లో తెరుచుకుంది. దానికి కొడుకు పేరు పెట్టారు.