గాజుల మలారం దించి.. కాలజ్ఞానం చెప్పి..

పీణ్య: లోకం మునిగిపోతోందని పుకారు పుట్టిందంటే చాలు, పీణ్య పారిశ్రామికవాడ టీకొట్ల దగ్గర కాలజ్ఞానం మాట రాక మానదు. 2012 డిసెంబరు 21న యుగాంతమన్నప్పుడూ అంతే. 2020లో కరోనా వచ్చినప్పుడూ అంతే. అనంతపురం, కడప, చిత్తూరుల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనోళ్లకు కాలజ్ఞానమంటే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామే. అయితే ఇక్కడికి సుమారు 80 కి.మీ. దూరంలో, తెలుగులోనే కాలజ్ఞానం చెప్పిన మరో పెద్దాయన ఉన్నారు. ఆయనే కైవార తాతయ్య.

అసలు పేరు నారాయణప్ప. ఇప్పటి చిక్కబళ్లాపుర జిల్లా చింతామణి తాలూకా కైవారంలో 1726లో బలిజ కుటుంబంలో పుట్టారని చెబుతారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. పెళ్లయ్యాక గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగారు. మనసంతా భజనల మీదే ఉండేది. డబ్బులు అడక్కుండానే గాజులు తొడిగి వచ్చేవారట. ఇల్లు గడవక భార్య మునియమ్మ కోప్పడేది.

పరదేశి స్వామి అనే గురువు మంత్రోపదేశం చేసి, నాలుక కింద పెట్టుకోమని గులకరాయి ఇచ్చారని, గుహలో తపస్సు చేయగా అది కలకండగా మారిందని భక్తుల నమ్మకం. తర్వాత ఆయన తెలుగు, కన్నడ భాషల్లో కీర్తనలు, శతకాలు చెప్పారు. 1836లో, 110 ఏళ్ల వయసులో సమాధి అయ్యారని అంటారు.

భయపెట్టడానికేనా?

కాలజ్ఞానం ఉద్దేశం తేదీ చెప్పడం కాదని, ధర్మం తప్పితే ఏమవుతుందో హెచ్చరించడమేనని భక్తులంటారు. భయపడి కూర్చోకుండా నడవడిక దిద్దుకోమన్నదే తాతయ్య బోధగా చెబుతారు.

హేతువాదుల మాట వేరు. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. కాబట్టి ఫలానా సంవత్సరంలో ఉపద్రవమన్న జోస్యాన్ని ఎప్పటికైనా అతికించొచ్చు. జరిగాక అర్థం చెప్పడం ఎవరికైనా తేలికే. 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరాయని దేశమంతా వణికిపోయింది. యజ్ఞాలు చేశారు. తీరా చూస్తే తెల్లారింది, ఏమీ కాలేదు.

విచిత్రమేమంటే, ఈ ప్రశ్నలు గట్టిగా అడిగిన డాక్టర్ హెచ్.నరసింహయ్యదీ అదే జిల్లా. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టారు. భౌతికశాస్త్రం చదివి బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. 1976లో మహిమలు, మూఢనమ్మకాలను పరిశీలించేందుకు కమిటీ వేశారు. పెళ్లి చేసుకోలేదు, నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే బతుకు వెళ్లదీశారు. 2005లో కన్నుమూశారు.

ఇద్దరి దారులూ కలవవు. కానీ ఇద్దరూ డబ్బు వెంట పడలేదు, జనం భయాన్ని సొమ్ము చేసుకోలేదు. యుగాంతం పేరు చెప్పి శాంతిపూజలకు, తాయెత్తులకు నెల జీతం గుంజేవాళ్లు ఎదురైనప్పుడు మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. తాతయ్య మీద భక్తి ఉన్నవాళ్లకు కైవారం దగ్గరే. గురుపౌర్ణమికి అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. పాటలు వినడానికి వెళ్లండి, భయపడి మాత్రం కాదు.