గూడవల్లి రామబ్రహ్మం

తెలుగు చలనచిత్రం మాటలు నేర్చిన తొలినాళ్లలో తెరమీద దేవతలు, రాజులు, ఋషులు మాత్రమే కనిపించేవారు. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' మొదలుకొని కొన్నేళ్లపాటు నిర్మాతలు పౌరాణిక గాథలనే ఎక్కువగా ఆశ్రయించారు. నాటకరంగంలో పేరుపొందిన పద్యాలే సినిమాలకూ ప్రాణంగా ఉండేవి. ఒకటి రెండు సాంఘిక చిత్రాలు వచ్చినా, సమాజాన్ని పీడిస్తున్న ప్రధాన సమస్యలను సూటిగా ప్రశ్నించే సాహసం ఎవరూ చేయలేదు. ఆ సాహసం చేసిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం.

రామబ్రహ్మం 1902లో కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో జన్మించారు. సినిమారంగంలో అడుగుపెట్టడానికి ముందు ఆయన పాత్రికేయుడు. 'ప్రజామిత్ర' పత్రికకు సంపాదకులుగా సంఘ సంస్కరణ భావాలను ప్రచారం చేశారు. అయితే పత్రిక చదువుకున్న వారికే చేరుతుంది. అక్షరం తెలియని కోట్లాది జనానికి చేరగల శక్తి చలనచిత్రానికి ఉన్నదని ఆయన గ్రహించారు. పత్రికలో చేసిన పనిని తెరమీద కొనసాగించాలని సంకల్పించారు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో సారథి ఫిలిమ్స్ సంస్థ ఆ సంకల్పానికి ఆధారమైంది.

ఆ సంస్థ తొలి చిత్రం 'మాలపిల్ల' 1938లో విడుదలైంది. దేశమంతటా గాంధీజీ అస్పృశ్యతా నివారణోద్యమం సాగుతున్న కాలమది. దళితులకు దేవాలయ ప్రవేశం నిషిద్ధమైన ఒక గ్రామం ఈ కథకు రంగస్థలం. ఛాందసుడైన బ్రాహ్మణ పండితుని కుమారుడు దళిత యువతిని ప్రేమిస్తాడు. అగ్నిప్రమాదంలో చిక్కుకున్న తన భార్యను ఒక దళితుడే కాపాడగా పండితునికి కనువిప్పు కలుగుతుంది. ఆయనే స్వయంగా ఆ యువజంటను ఆశీర్వదిస్తాడు.

ఈ చిత్రానికి కథ గుడిపాటి వెంకటచలానిది. గిడుగు రామమూర్తి శిష్యులైన తాపీ ధర్మారావు సంభాషణలు రచించారు. గురువు జీవితమంతా పోరాడిన వాడుకభాష ఆ విధంగా వెండితెరకు ఎక్కింది. అప్పటికే కీర్తిశేషులైన బసవరాజు అప్పారావు గేయాలు చిత్రానికి వన్నె తెచ్చాయి. కాంచనమాల కథానాయికగా, గోవిందరాజుల సుబ్బారావు పండితునిగా నటించారు. సనాతనులు నిరసన తెలిపినా ప్రజలు ఈ చిత్రానికి బ్రహ్మరథం పట్టారు. మరుసటి సంవత్సరం, 1939లో, మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశానికి అనుకూలంగా చట్టం వచ్చింది. కాలం ఏ దిశగా నడుస్తున్నదో రామబ్రహ్మం ముందుగానే గుర్తించారనడానికి ఇది నిదర్శనం.

విజయం లభించిన చోటనే నిలిచిపోవడం ఆయన స్వభావం కాదు. ఆచార్య ఎన్.జి. రంగా వంటి నాయకుల ప్రోత్సాహంతో ఆంధ్రదేశంలో రైతు ఉద్యమం విస్తరిస్తున్న రోజులవి. జమీందారీ వ్యవస్థలో నలిగిపోతున్న కర్షకుని జీవితాన్ని ఇతివృత్తంగా గ్రహించి ఆయన 1939లో 'రైతుబిడ్డ'ను నిర్మించారు. ప్రసిద్ధ రంగస్థల నటులు బళ్లారి రాఘవ ఇందులో రైతు పాత్ర ధరించారు. పల్లెపదాల సొగసు తెలిసిన కొసరాజు రాఘవయ్య ఈ చిత్రంతోనే సినీకవిగా పరిచయమయ్యారు. జమీందారు అండతో నడిచే సంస్థ నుండి జమీందారీ విధానాన్ని ఖండించే చిత్రం రావడం విశేషం.

కానీ ఈ చిత్రం 'మాలపిల్ల' వలె నిరాటంకంగా సాగలేదు. కొందరు పెద్ద జమీందారులు ఆగ్రహించారు. బ్రిటిషు పాలకులు చిత్ర ప్రదర్శనపై నిషేధం విధించారు. రైతుల కోసం తీసిన చిత్రం ఎందరో రైతుల కంట పడకుండానే ఆగిపోయింది. అధికారంలో ఉన్నవారికి ఒక సినిమా భయం కలిగించగలదని ఆ నిషేధమే నిరూపించింది.

ఆ తరువాత రామబ్రహ్మం 'ఇల్లాలు', 'అపవాదు', 'పత్ని', 'పంతులమ్మ', 'మాయాలోకం' చిత్రాలకు దర్శకత్వం వహించారు. కుటుంబ కథలనూ, జానపద గాథనూ సమాన శ్రద్ధతో తెరకెక్కించారు. చివరగా ఆయన చేపట్టినది 'పల్నాటి యుద్ధం'. కులభేదాలను త్రోసిరాజని అందరినీ చాపకూటి పంక్తిలో కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని కథ అది. 'మాలపిల్ల'లో ఆయన లేవనెత్తిన సమస్యకు ఆంధ్రుల చరిత్రలోనే లభించిన సమాధానం వంటిది. ఆ చిత్రం పూర్తికాకుండానే 1946లో రామబ్రహ్మం కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా 1947లో విడుదలైంది.

మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. 'రైతుబిడ్డ' తీసిన దర్శకుడు ఆ శుభదినాన్ని చూడలేకపోయారు. నలభై నాలుగేళ్ల జీవితంలో ఆయన తీసిన చిత్రాలు కొద్దిపాటివే. అయినా సినిమా కేవలం వినోద సాధనం కాదని, అది జనుల అంతరంగాన్ని కదిలించగల ఆయుధమని ఆయన చాటారు. తెలుగు చిత్రసీమలో సామాజిక స్పృహకు బాటలు వేసిన మార్గదర్శిగా రామబ్రహ్మం చిరస్మరణీయులు.