కప్పల బెర్తా

కప్ప అనగానే మనలో చాలామందిమి చీర కుచ్చిళ్లు పైకెత్తి రెండడుగులు వెనక్కి వేస్తాం. వానలు పడకపోతే మాత్రం రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి బిందెలతో నీళ్లు పోయించే ఆచారం మన పల్లెల్లో ఉంది. ఎక్కడో బ్రెజిల్ దేశంలో ఆ కప్పల కోసమే కొండలూ వాగులూ తిరిగిన ఒకావిడ, తన దేశపు ఆడవాళ్లకి ఓటుహక్కు కూడా తెచ్చిపెట్టిందంటే నమ్ముతారా? ఆవిడే బెర్తా లుట్జ్.

1894 ఆగస్టు 2న సావోపాలోలో పుట్టింది. తండ్రి అడాల్ఫో లుట్జ్ పేరున్న వైద్య శాస్త్రవేత్త. తల్లి ఆమీ ఫౌలర్ ఇంగ్లండు నర్సు. హవాయి దీవుల్లో కుష్ఠురోగులకు సేవ చేస్తున్నప్పుడు ఆయనతో పరిచయమైంది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి పురుగూ పుట్రా అంటే భయమేముంటుంది! పారిస్‌లో సోర్బాన్ విశ్వవిద్యాలయంలో సైన్సు చదివి, 1918లో పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చింది. మరుసటేడు రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియంలో ఉద్యోగానికి పోటీ పరీక్ష రాసి మొదటి స్థానంలో నిలిచింది. బ్రెజిల్ ప్రభుత్వోద్యోగంలో ఆడవాళ్లు దాదాపు లేని రోజులవి!

ఒక్క ప్రయాణం

1922లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉభయ అమెరికా ఖండాల మహిళల సభ జరిగింది. బ్రెజిల్ ప్రభుత్వం తన ప్రతినిధిగా బెర్తాని పంపింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏడేళ్లు. అక్కడ రకరకాల దేశాల ఆడవాళ్లని కలిసింది, వాళ్లు ఎలా కూడగట్టుకుంటున్నారో చూసింది. తిరిగొచ్చి ఆ ఏడాదే బ్రెజిల్ మహిళా ప్రగతి సమాఖ్యని స్థాపించింది. పదేళ్లు పట్టుదలగా పోరాడితే 1932లో అక్కడి స్త్రీలకి ఓటుహక్కు వచ్చింది. ఈ లోపల 1929లో విశ్వవిద్యాలయాల్లో చదివిన ఆడవాళ్ల సంఘం పెట్టడంలోనూ ఆమె చెయ్యి ఉంది. మ్యూజియం ఉద్యోగం చేస్తూనే లా కూడా చదివి 1933లో పట్టా తెచ్చుకుంది. 1936లో పార్లమెంటు సభ్యురాలైంది. మరుసటేడు నియంతృత్వం వచ్చి పార్లమెంటే మూతపడింది.

మరి కప్పలు? అవి ఎప్పుడూ ఆమెని వదల్లేదు. తండ్రి చివరి సంవత్సరాల్లో చెట్టుకప్పల మీద పనిచేశాడు. కూతురు ఆయన వెంట తిరిగింది. 1935లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ నుంచి డోరిస్ కోక్రన్ అనే కప్పల శాస్త్రవేత్త బ్రెజిల్ వచ్చింది. తెలియని దేశం, తెలియని అడవి. తండ్రీకూతుళ్లు ఆమెకి తోడు నిలిచి, తమ సేకరణలు చూపించారు. 1955లో ఆగ్నేయ బ్రెజిల్ కప్పల మీద కోక్రన్ పెద్ద గ్రంథమే ప్రచురించింది. ఒక ఆడమనిషికి ఇంకో ఆడమనిషి దారి చూపిస్తే పని ఎంత దూరం వెళ్తుందో చూడండి!

1940లో తండ్రి పోయాక, ఆయన మిగిల్చిన పనిని బెర్తా నెత్తికెత్తుకుంది. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో సభ పెట్టినప్పుడు బ్రెజిల్ బృందంలో ఆమె ఉంది. సమితి నిబంధనావళి మీద సంతకాలు పెట్టిన నూట అరవై మందిలో ఆడవాళ్లు నలుగురే! స్త్రీల మాట ప్రత్యేకంగా రాయనక్కర్లేదని పెద్ద దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లే అన్నారు. బెర్తా, డొమినికన్ రిపబ్లిక్‌కి చెందిన మినర్వా బెర్నార్డినో పట్టు విడవలేదు. సమితిలో ఏ పదవికైనా స్త్రీ పురుషులిద్దరూ సమానంగా అర్హులేనన్న ఎనిమిదో అధికరణం అలా నిలిచింది.

అరవై దాటాక కూడా ఆమె కొత్త కప్పలకి శాస్త్రీయ వివరణలు రాస్తూనే ఉంది. బ్రెజిల్ చెట్టుకప్పల మీద ఆమె పుస్తకం 1973లో, డెబ్భై తొమ్మిదో ఏట వచ్చింది. 1975లో మెక్సికో నగరంలో జరిగిన మొదటి ప్రపంచ మహిళా సభకీ వెళ్లింది. 1976 సెప్టెంబరు 16న రియోలో కన్నుమూసింది. ఓ చిన్న చెట్టుకప్పకి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

సభకి వెళ్తే ఏమొస్తుంది?

కాఫీ తాగి, ఫొటో దిగి రావడమే కదా అనుకుంటాం. 1989లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో కప్పలు, పాముల శాస్త్రవేత్తల మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. మా వాగులో కప్పలు తగ్గిపోయాయని ఒకరంటే, మా కొండ మీదా అంతేనని మరొకరన్నారు. ఎవరి బావిలో వాళ్లుంటే అది ఎప్పటికి తెలిసేది? ఇటాటియాయా కొండల్లో దొరికిన ఒక కప్ప గురించి బెర్తా 1958లో రాసింది. 1970ల తర్వాత అది ఎవరి కంటా పడలేదు.

ఇలాంటి సభల్లో అప్పుడే చదువు ముగించిన పిల్లలు కూర్చోవాలి. పెద్దవాళ్లకి చూపించుకోవడానికి వాళ్ల దగ్గర కొత్త పని ఉంటుంది. చేతిలో డబ్బు మాత్రం ఉండదు. దారి ఖర్చు, ప్రవేశ రుసుం, ఉండడానికి చోటు... స్కాలర్‌షిప్ డబ్బులు దేనికి సరిపోతాయి? అందుకే కొన్ని శాస్త్ర సంఘాలు అలాంటివాళ్ల ప్రయాణానికి సాయం చేస్తాయి. బెర్తాకి తెలివి పుట్టుకతోనే ఉంది. 1922లో ఆమెని ఓడ ఎక్కించింది మాత్రం వేరేవాళ్లే.

మన ఇళ్లలో ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. తోడు ఎవరు వెళ్తారు, అని. రేపు మీ అమ్మాయో, మేనకోడలో కప్పల మీద సభ ఉందమ్మా, వెళ్తాను అంటే నవ్వకండి. దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలో అడగండి. చాలకపోతే పోపుల డబ్బాలో దాచిన నోట్లు ఉండనే ఉన్నాయి కదా!